పాస్టరు గారు కానుకలు లెక్కపెట్టకూడదు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఆశీర్వాద వచనం అయిపోయి జనం చెప్పులు వెతుక్కుంటూ మందిరం మెట్లు దిగుతుంటారు. బల్ల మీదున్న ఎర్ర వెల్వెట్ సంచులు రెండింటినీ ఒక కుర్రాడు చంకలో పెట్టుకుని వెనకే ఉన్న పాస్టరు గారి ఇంట్లోకి తీసుకెళ్తాడు. అక్కడ మంచం మీద సంచులు బోర్లిస్తారు. పాస్టరమ్మ గారు నోట్లు సర్దుతారు, పిల్లలు చిల్లర కుప్పలు పెడతారు. మొత్తం ఎంతో గోడ మీది క్యాలెండరు గడిలో రాస్తారు. కీబోర్డు వాయించిన అబ్బాయికి ఐదు వందలు, గ్యాస్ బండకు వెయ్యి అందులోంచే తీస్తారు. మిగిలింది బీరువాలోకి వెళ్తుంది.

ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఇలా నడిచే చాలా ఇళ్ళలో లెక్క పైసాతో సహా సరిగ్గానే ఉంటుంది, పైగా సంఘం ఖర్చుకు చాలనప్పుడు ఇంటి డబ్బు కలిపేది కూడా ఆ కుటుంబమే. అయినా ఈ పద్ధతి ఆగాలి. ఎందుకంటే ఐదేళ్ళ తర్వాత ఎవరో ఒకరు టీ కొట్టు దగ్గర "అయ్యగారు కొత్త బండి ఎట్లా కొన్నారో" అని ఒక మాట వదిలితే, ఆ కుటుంబం చేతిలో చూపించడానికి క్యాలెండరు తప్ప ఇంకేమీ ఉండదు. ఎంత నిజాయితీగా బతికినా దానికి కాగితం ఉండదు.

సేవకులకు నాయకత్వ శిక్షణ అని జరిగే సెమినార్లలో దర్శనం గురించి చెప్తారు, బృందాన్ని కట్టడం గురించి చెప్తారు, ప్రసంగం ఎలా తయారుచేసుకోవాలో చెప్తారు. అవన్నీ కావలసినవే. కానుకల సంచి ఆరాధన తర్వాత ఎటు వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పరు. సంఘాలు సిద్ధాంతం మీద చీలాయని బయటికి చెప్పుకుంటాం గానీ, దగ్గరగా చూస్తే ఆ చీలిక వెనక తరచుగా కనిపించేవి డబ్బు, స్థలం, పదవి. నా వాదన ఒక్కటే: సంఘ డబ్బు పాస్టరు చేతిని తాకకుండా ఏర్పాటు చేసుకోవాలి, ఆ ఏర్పాటు పాస్టరే ముందుండి చేయించాలి. అది ఆయన నాయకత్వానికి ఇచ్చే బలం ఇంకేదీ ఇవ్వదు.

"అభిషిక్తుని ముట్టవద్దు" అనే మాట

లెక్క అడిగితే కొన్నిచోట్ల వచ్చే జవాబు ఈ వచనం. 105వ కీర్తనలో ఆ మాట ఎవరితో అన్నదో చూడండి. నిలకడైన ఊరు లేక దేశం నుంచి దేశానికి తిరుగుతున్న పితరులకు హాని చేయవద్దని రాజులతో అన్న మాట అది. లెక్కల పుస్తకం చూపించమని అడిగే సంఘస్థునికీ దానికీ సంబంధం లేదు. అభిషేకం గురించే మాట్లాడాలంటే 1 సమూయేలు 12వ అధ్యాయం తీయాలి. రాజును అభిషేకించిన సమూయేలు, ఆ రాజు ఎదుటే, జనమందరి ముందు నిలబడి ఎవరి ఎద్దును తీసుకున్నానో, ఎవరి గాడిదను తీసుకున్నానో, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నానో చెప్పమని తానే అడిగాడు. తల నెరిసిన దైవజనుడు పిలవకుండానే తన లెక్క తానే అప్పజెప్పుకున్నాడు.

2 రాజులు 12వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. మందిరం బాగుచేయడానికి డబ్బు తీసుకునే పని యాజకులకే అప్పగించారు. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా మరమ్మతు కాలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం దగ్గర కుడివైపు పెట్టించాడు. పెట్టెలో డబ్బు నిండాక రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. వేర్వేరు కొలువులకు చెందిన ఇద్దరు మనుషులు, ఒక మూసిన పెట్టె. అదే అధ్యాయంలో, పనివాళ్ళకిచ్చే నిమిత్తం డబ్బు అందుకున్నవారిని నమ్మకస్థులని లెక్క అడగలేదన్న మాటా ఉంది. ఆ ఒక్క వచనం పట్టుకుని వాదించేవాళ్ళున్నారు. ఆ డబ్బు వాళ్ళ చేతికి వెళ్ళకముందే ఇద్దరు లెక్కపెట్టి కట్టారన్న సంగతి వాళ్ళు చదవరు.

బబులోను నుంచి యెరూషలేముకు మందిర కానుకలు తీసుకెళ్ళిన ఎజ్రా సంగతి మరీ చక్కగా ఉంటుంది. దారిలో దొంగల భయం ఉన్నా, దేవుడు కాపాడతాడని రాజుతో చెప్పుకున్నాం కదా, ఇప్పుడు సైనికులను ఎలా అడుగుతామని సిగ్గుపడి ఉపవాసం ఉన్నాడు. అంత విశ్వాసం ఉన్న మనిషి అహవా నది దగ్గర వెండి బంగారాలను తూచి మరీ యాజకుల చేతికిచ్చాడు. యెరూషలేము చేరాక నాలుగో రోజున మళ్ళీ తూచి బరువు రాయించాడు. సైనికులు వద్దనుకున్నాడు గానీ త్రాసు వద్దనుకోలేదు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం కూడిన చందాను ఒంటరిగా మోయలేదు, సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకుని వెళ్ళాడు. తన మీద ఎవరూ తప్పు మోపకూడదనే ఆ జాగ్రత్త అని 2 కొరింథీయులు 8లో తానే చెప్పాడు.

లెక్క బల్ల

బల్ల మందిరంలోనే వేయాలి, తలుపు తెరిచి ఉండాలి. ముగ్గురు కూర్చోవాలి. ఇద్దరు లెక్కపెడతారు, ఒకరు రాస్తారు. ఆ ముగ్గురిలో పాస్టరు ఇంటివాళ్ళు ఉండకూడదు, ట్రెజరర్ ఉండకూడదు. ఒకరికొకరు భార్యాభర్తలో, అన్నదమ్ములో, వియ్యంకులో కాకూడదు. ట్రెజరర్‌ను ఎందుకు పక్కన పెట్టాలంటే, లెక్కపెట్టేదీ బ్యాంకులో వేసేదీ పుస్తకం రాసేదీ ఒకే మనిషైతే ఆయన పొరపాటు పడ్డా పట్టుకునేవాళ్ళు ఉండరు. పన్నెండుమంది పేర్లతో జాబితా రాసి, నెలకు ముగ్గురి చొప్పున వంతులు వేస్తే ఒక్కొక్కరికి ఏడాదిలో మూడు నెలలే పడుతుంది. ఆ జాబితాలో ఆడవాళ్ళు, డిగ్రీ చదివే పిల్లలు తప్పకుండా ఉండాలి. ముప్ఫై కుటుంబాల సంఘంలో పన్నెండుమంది దొరకరంటారు. ఆరుగురితో మొదలుపెట్టండి. పొదుపు సంఘాల్లో పుస్తకాలు రాసే అక్కచెల్లెళ్ళు ప్రతి పల్లెలోనూ ఉన్నారు, వాళ్ళకు ఈ పని మనం నేర్పక్కర్లేదు.

ముందు కవర్లు తెరవాలి. కవరు మీద రాసిన మొత్తం, లోపలున్న మొత్తం ఒకటేనా చూడాలి. కవరు మీద 1,000 అని ఉండి లోపల 900 ఉంటే, కవరు మీదే 900 అని రాసి ఇద్దరూ సంతకం పెట్టి పక్కన పెట్టాలి. ఏడాది ఆడిట్ అయ్యేదాకా కవర్లు పారేయకూడదు. రకరకాల కారణాల వల్ల సంఘం రిజిస్టర్లో పేరు రాయించుకోవడానికి ఇష్టపడని కుటుంబాలు ఉంటాయి. వాళ్ళను ఇబ్బంది పెట్టకుండా కవర్ల మీద పేరుకు బదులు నంబరు వేస్తే సరిపోతుంది. నంబర్ల జాబితా సెక్రటరీ దగ్గర ఒక్క ప్రతి ఉంటే చాలు.

తర్వాత విడి నోట్లు. మొదటి మనిషి 500 నోట్లు లెక్కపెట్టి, ఆ సంఖ్య పైకి చెప్పకుండా చిన్న చీటీ మీద రాసుకుని, కట్టను రెండో మనిషికి జరపాలి. ఆయన కూడా లెక్కపెట్టాకే చీటీ తిప్పి చూడాలి. ముందే "ఇరవై మూడు" అని పైకి అనేస్తే రెండో మనిషి చేతికి కూడా ఇరవై మూడే వస్తాయి, మనసు అలా పనిచేస్తుంది. లెక్క కాగితం ఇలా ఉంటుంది: 500 నోట్లు 23, అంటే 11,500. 200 నోట్లు 14, అంటే 2,800. 100 నోట్లు 61, 6,100. 50 నోట్లు 48, 2,400. 20 నోట్లు 55, 1,100. 10 నోట్లు 92, 920. నాణేలు 186. మొత్తం 25,006. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ముగ్గురూ సంతకం పెట్టాలి. కొట్టివేతలు ఉంటే వాటి పక్కన కూడా సంతకం ఉండాలి. కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీయాలి. ఒకటి ట్రెజరర్‌కు, ఒకటి సెక్రటరీకి వెళ్తుంది, మూడోది పుస్తకంలోనే ఉంటుంది.

ఈ మొత్తం ఉన్నది ఉన్నట్టు సోమవారం బ్యాంకుకు వెళ్ళాలి. పద్ధతంతటికీ ఆయువుపట్టు ఇదే. కరెంటు బిల్లుకని ఇందులోంచి పద్దెనిమిది వందలు తీసి మిగతాది బ్యాంకులో వేశారనుకోండి, లెక్క కాగితం మీద 25,006, బ్యాంకు రసీదు మీద 23,206 ఉంటుంది. ఆ తేడా ఎందుకో ఆ రోజు అందరికీ గుర్తుంటుంది, ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఖర్చు ఎంత న్యాయమైనదైనా సరే, డబ్బు ముందు బ్యాంకులోకి వెళ్ళి తర్వాతే బయటికి రావాలి. ఆదివారం రాత్రికి సంచి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. రెండు తాళాల ఇనప పెట్టె మందిరంలో బిగించి, తాళం చెవులు రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచాలి. ఊళ్ళో క్యాష్ డిపాజిట్ మెషిన్ ఉంటే అది తీసుకునే నోట్లవరకు ఆ సాయంత్రమే వేసేయవచ్చు.

గోడ మీది క్యూఆర్ కోడ్

సంచి గురించి ఎంత చెప్పుకున్నా, ఇప్పుడు పట్టణాల్లో కానుకల్లో పెద్ద వాటా సంచిలో పడడం లేదు. మందిరం గుమ్మం పక్కన, యూట్యూబ్ లైవ్ తెర మూల, సభల పోస్టరు కింద ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే పాస్టరు గారి సొంత పేరు వస్తుంది. కొన్నిచోట్ల వాళ్ళ అబ్బాయి పేరు.

సంఘానికి ఖాతా లేదు కాబట్టి సౌకర్యం కోసం అలా మొదలవుతుంది, ఆ తర్వాత అదే స్థిరపడిపోతుంది. ఏడాదికి ఎనిమిది లక్షలు ఆ ఖాతాలోకి వచ్చి పడితే, ఆదాయపు పన్ను అధికారులు అడిగిన రోజున అవి తన ఆదాయం కావని నిరూపించుకోవలసిన భారం పాస్టరు మీదే పడుతుంది. రేపు ఆయనకు ఏదైనా అయితే ఆ ఖాతాలో ఉన్నదంతా కుటుంబానిదే అవుతుంది, సంఘానికి ఒక్క రూపాయి అడిగే హక్కు ఉండదు.

బయటపడే దారి సొసైటీ రిజిస్ట్రేషన్. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే మతపరమైన ప్రయోజనం కోసం సొసైటీ పెట్టుకోవచ్చు, తెలంగాణలోనూ ఆ చట్టమే కొనసాగుతోంది. ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం జరపాలి, కమిటీ జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చాలామంది రిజిస్ట్రేషన్ రోజు ఫొటో దిగి, తర్వాత ఒక్క ఏడాది కూడా జాబితా దాఖలు చేయరు. పదేళ్ళ తర్వాత గొడవ వస్తే కాగితాల మీద ఉన్న కమిటీలో ఇద్దరు చనిపోయి ఉంటారు, ముగ్గురు వేరే సంఘంలో ఉంటారు. అప్పుడు ఎవరు అసలు కమిటీ అన్నదే కోర్టులో తేలాల్సిన ప్రశ్న అవుతుంది. ట్రస్టు సులువు కదా అని భార్యను, బావమరిదిని ట్రస్టీలుగా పెట్టి రాయించుకునేవాళ్ళున్నారు. సంఘానికి సొసైటీయే మేలని నా అభిప్రాయం. అక్కడ సర్వసభ్య సమావేశం ఉంటుంది, విశ్వాసికి అడిగే చోటు ఉంటుంది.

రిజిస్ట్రేషన్ పత్రం, నిబంధనావళి, సొసైటీ పేరు మీద పాన్ కార్డు, కమిటీ తీర్మానం ప్రతి పట్టుకెళ్తే బ్యాంకు ఖాతా ఇస్తుంది. ఖాతా నడిపే విధానం దగ్గర "ముగ్గురిలో ఏ ఇద్దరైనా" అని రాయించండి. ఆ ముగ్గురిలో పాస్టరు ఉండకపోతేనే మంచిది. క్యూఆర్ ఆ ఖాతాకే అడగండి. మెసేజీలు వచ్చే ఫోన్ నంబరు ఎవరిదన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తే ఖాతా వాళ్ళదే. ఇద్దరి సంతకం కావాలని చెక్కు బుక్కు మీద నియమం పెట్టి, నెట్ బ్యాంకింగ్ ఒక్కరి ఫోన్‌లో నడిపితే ఆ నియమం ఎందుకూ పనికిరాదు. ఒకరు పంపితే రెండోవారు ఒప్పుకుంటేనే డబ్బు కదిలే ఏర్పాటు అడిగి పెట్టించుకోవాలి. ఇంకొకటి, ముందే సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎవరి బీరువాలోనూ ఉండకూడదు. "పెద్దాయన ఊరెళ్తున్నారు, అవసరమొస్తే ఉంటాయి" అని పెట్టించుకుంటారు. రెండు సంతకాలు ఎందుకు పెట్టుకున్నామో ఆ రోజుతో మర్చిపోయినట్టే.

పన్ను విషయంలో రెండు మాటలు. ఒక వ్యక్తి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. దాత ఎంత ఒత్తిడి చేసినా చెక్కు అడగండి. అలాగే ఆరాధన కోసమే ఉన్న సంఘానికి, దాతకు పన్ను తగ్గించే 80జీ అనే మినహాయింపు సాధారణంగా రాదు. వస్తుందని చెప్పి కానుక అడగడం అబద్ధం చెప్పడమే.

కోత పండుగ పాట, మూడో రాత్రి కానుక

ప్రతి ఆదివారం పద్ధతిగా నడిచే సంఘాలు కూడా రెండు సందర్భాల్లో జారిపోతాయి.

మొదటిది కోత పండుగ. గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్ళు, మొదటి ధాన్యం బస్తా, ఎవరో కుట్టిచ్చిన బొంత, అన్నీ వేలం వేస్తారు. ఉత్సాహంలో కొబ్బరి బోండాన్ని రెండు వేలకు పాడతారు. చప్పట్లు కొడతారు. డబ్బు మాత్రం "వచ్చే ఆదివారం ఇస్తా" అంటారు. ఆ పాట బాకీలే తర్వాత మనస్పర్థలవుతాయి. ఇచ్చానని ఒకరు, రాలేదని ఇంకొకరు. వేలం పాటకు ఒక పుస్తకం ఉండాలి. వరుస నంబరు, వస్తువు, పాడినవారి పేరు, మొత్తం, ఇచ్చిన తేదీ, రసీదు నంబరు అందులో రాయాలి. పాట ముగిసిన వెంటనే, భోజనాలకు లేవకముందే, నంబర్ల వారీగా చదివి వినిపించాలి. నెల రోజుల్లో రానివి కమిటీ ముందు పెట్టాలి, వేదిక మీద పేర్లు చదవకూడదు. కూలి దొరకని నెలలో మాట నిలబెట్టుకోలేని మనిషిని సిగ్గుపరిస్తే ఆ కుటుంబం మళ్ళీ రాదు.

రెండోది మూడు రాత్రుల సభలు. ఆఖరి రాత్రి పదకొండు గంటలకు కానుక పడుతుంది. షామియానావాడు, మైకువాడు, వంటమనిషి ముగ్గురూ డబ్బుకు నిలబడి ఉంటారు. ప్రసంగీకుడికి రైలు టైమవుతుంది. ఆ కంగారులో సంచిలోంచే పిడికిళ్ళతో తీసి అందరికీ ఇచ్చేస్తారు. ఆ రాత్రి ఎంత వచ్చిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. దీనికి మందు ముందే ఉంది. సభలకు ఖర్చు అంచనా వేసి కమిటీ తీర్మానం చేసి, ఇవ్వాల్సినవి కవర్లలో పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. ప్రసంగీకుడి గౌరవ కానుక కూడా పిలిచేటప్పుడే మాట్లాడుకోవాలి. "ఆ రాత్రి కానుకంతా అయ్యగారికే" అని వేదిక మీద ప్రకటించే అలవాటు మానాలి. అది ప్రసంగీకుడి చేత ప్రసంగం బదులు కానుక పొడిగింపజేస్తుంది.

రాత్రి పదకొండింటికి తలుపు తట్టే మనిషి

ఈ పద్ధతి మీద వచ్చే అసలైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. బిడ్డకు జ్వరం ఎక్కువై ఆటో పిలిచి, చేతిలో డబ్బు లేక ఒక తల్లి రాత్రి పదకొండింటికి పాస్టరు గారి తలుపు తడుతుంది. కమిటీ తీర్మానం అయ్యాక రమ్మంటామా?

అనం. అందుకే పేదల నిధి నుంచి ఐదు వేలు పాస్టరు దగ్గర నగదుగా ఉండాలి. సంఘ డబ్బులో ఆయన చేతిలో ఉండాల్సింది ఇదొక్కటే. ఇచ్చిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో తేదీ, మొత్తం, కారణం ఒక్క ముక్కలో రాయాలి. పేరు రాయకూడదు, "ఆస్పత్రి ఆటో, మందులు, 700" చాలు. వీలైన చోట మందుల షాపు బిల్లు పిన్ను కొట్టాలి. నాలుగు వేలు ఖర్చయ్యాక పుస్తకం ట్రెజరర్‌కు చూపిస్తే ఆ నాలుగు వేలూ తిరిగి ఇస్తారు. చేతిలో ఉన్న నగదు, పుస్తకంలో రాసిన, ఇంకా తిరిగి తీసుకోని ఖర్చు కలిపితే ఎప్పుడు చూసినా ఐదు వేలే రావాలి. ఆయన బంధువులకు ఇవ్వాల్సి వస్తే మాత్రం ఈ నిధి వాడకూడదు, ఇద్దరు పెద్దలు చూసి ఇవ్వాలి.

సాయాన్నీ ఆత్మీయ నిర్ణయాలనూ విడిగా ఉంచాలన్న తెలివి మన నేలకు కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని, సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. సాయం ముగిశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అందరికీ గుర్తుంటుంది. దాని ముందు ఆయన ఆగిన నెలలు ఎవరికీ గుర్తుండవు. నాయకుడిగా ఆయన చేసిన కష్టమైన పని ఆ ఆగడమే.

మిగతా ఖర్చులన్నిటికీ ఓచరు ఉండాలి. నంబరు, తేదీ, ఎవరికి, ఎందుకు, ఎంత, పుచ్చుకున్నవారి సంతకం, ఒప్పుకున్నవారి సంతకం. రెండు వేల వరకు ట్రెజరర్, ఇరవై వేల వరకు ఇద్దరు పెద్దలు, ఆపైన కమిటీ తీర్మానం. ఇవి నేను చెప్పే అంకెలు, మీ సంఘం స్థాయిని బట్టి మార్చుకోండి. మందిరం కట్టడానికని అడిగిన డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. ఈ నెల జీతాలకు వాడి వచ్చే నెల వేద్దామనుకున్నారంటే ఆ నెల రాదు.

జీతం, కమిటీ

డబ్బు పాస్టరు చేతిలో ఉండకూడదంటే, ఆయన ఇల్లు గడవడానికి నికరమైన జీతం ఉండాలి. ఇది చేయకుండా పైవన్నీ అడగడం అన్యాయం. గత పన్నెండు నెలల కానుకలు తీసుకుని, అందులోంచి డిసెంబరును, కోత పండుగ నెలను తీసేసి, మిగతా పది నెలల సగటు కట్టండి. ఆ రెండు నెలలూ కలిపితే సగటు ఉబ్బిపోయి, జూన్‌లో బడి ఫీజుల కాలంలో జీతం ఇవ్వలేక తలదించుకోవాల్సి వస్తుంది. సగటు 60,000 వచ్చిందనుకుందాం. జీతం 26,000, ఇంటి అద్దె 6,000, మందిరం నిర్వహణ 8,000, పేదల నిధి 6,000, సువార్త పనికి 5,000, నిల్వకు 9,000. నిల్వ మూడు నెలల ఖర్చుకు సరిపడా అయ్యేదాకా దాన్ని ముట్టకూడదు. ఆ తర్వాత ఆ 9,000లోంచే పాస్టరు కుటుంబానికి ఆరోగ్య బీమా, ఆయన పేరు మీద పింఛను పథకమైన ఎన్‌పీఎస్ కట్టవచ్చు. మన సేవకులు డెబ్బై ఐదేళ్ళకు కూడా పీఠం వదలకపోవడానికి పదవి మీద మోజే కారణమని అందరూ అనుకుంటారు. దిగిపోతే తినడానికి ఏముందన్న భయం అందులో ఎంతుందో లెక్క వేయరు.

కమిటీల పెత్తనం కూడా నిజమే. ప్రసంగంలో తమకు తగిలిందని జీతం ఆపేసే పెద్దలు ఉన్నారు. అందుకే నిబంధనావళిలో రెండు వాక్యాలు ఉండాలి. జీతం ప్రతి నెలా 1వ తేదీన బ్యాంకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ద్వారా దానంతట అదే వెళ్ళాలి. దాన్ని ఆపాలన్నా తగ్గించాలన్నా సర్వసభ్య సమావేశం తీర్మానం కావాలి, కమిటీకి ఆ అధికారం ఉండకూడదు. ట్రెజరర్ పదవి రెండేళ్ళే, వరుసగా రెండుసార్లకు మించకూడదు. పదిహేనేళ్ళ ట్రెజరర్ ఎంత మంచివాడైనా, లెక్క ఆయన బుర్రలో ఉంటుంది తప్ప పుస్తకంలో ఉండదు.

చేతిలో చెయ్యి కలుపుతూ మడత నోటు పెట్టి "అయ్యగారూ, ఇది మీకు" అనే ప్రేమ మన సంఘాల్లో ఉంది, ఉండనివ్వండి. కానీ ఇంటి ప్రార్థనకు వెళ్ళినప్పుడు కవరు ఇస్తే, జేబులో పెట్టుకోకముందే "ఇది సంఘానికా అమ్మా, మాకా?" అని అడగాలి. సంఘానికి అని అంటే అక్కడికక్కడే రసీదు రాసివ్వాలి. ఎవరు ఎంత దశమభాగం ఇస్తున్నారో పాస్టరు చూడకపోవడమే మంచిదని కూడా నేననుకుంటాను. అంకె తెలిసిన తర్వాత ఎవరికి ముందు ఫోన్ చేస్తామో, ఎవరింటి పెళ్ళికి రెండు గంటలు కూర్చుంటామో మనకు తెలియకుండానే మారిపోతుంది.

స్థలం ఎవరి పేరు మీద ఉంది

మందిరం స్థలం పాస్టరు పేరు మీద ఉంటే, చట్టం దృష్టిలో అది ఆయన సొంత ఆస్తి. ఆయన వీలునామా రాయకుండా చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలకు వెళ్తాయి. ఇరవై ఏళ్ళు ఇటుక ఇటుకకు చందా ఇచ్చిన సంఘం ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. పిల్లలు మంచివాళ్ళే కావచ్చు, అల్లుడికి అప్పులుండవచ్చు. పాస్టరు బతికుండగా, ఆరోగ్యంగా ఉండగా, ఇద్దరు సాక్షుల సంతకాలతో సొసైటీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న ఒప్పందం చెల్లదు. కొత్తగా స్థలం కొంటుంటే దాని మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే ఈసీ తీయించి చూడాలి, ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూమి కాదని రూఢి చేసుకోవాలి.

విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో మన తెలుగు సంఘాలు తెలియకే తప్పు చేస్తాయి. అమెరికాలో ఉద్యోగం చేస్తూ భారత పాస్‌పోర్టు మీదే ఉన్న తమ్ముడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అదే తమ్ముడు అక్కడి పౌరసత్వం తీసుకున్న తర్వాత పంపితే, భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడికి వచ్చి రూపాయల్లో ఇచ్చినా విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పాస్టరు సొంత ఖాతాకు పంపించి "మందిరం పనికి వాడండి" అనడం ఇద్దరినీ ఇరికిస్తుంది. పంపేవాళ్ళు డాలస్‌లో ఉంటారు, నోటీసు ఇక్కడి ఇంటికి వస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, వచ్చే ఆదివారం బల్ల వేయండి. ముగ్గురిని పాస్టరే వేదిక మీద పేరు పెట్టి పిలవాలి, కమిటీ పిలిస్తే అది అనుమానంలా కనిపిస్తుంది. నెల ముగిశాక ఒక్క పేజీ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి. ముందు నెల నిల్వ, ఈ నెల వచ్చింది, ఖర్చయింది, ఇప్పుడున్నది రాసి పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు ప్రతి పెట్టండి, దాతల పేర్లు కనపడకుండా చేసి. మొదటి నెల ఎవరూ దగ్గరకు వెళ్ళి చూడరు. రెండో నెల ఇద్దరు ముగ్గురు ఆగి చదువుతారు. మూడో నెల వెనక బెంచీలో కూర్చునే ఎవరో ఒక పెద్దమ్మ తన మనవడి చేత చదివించుకుని, జనరేటరు డీజిలుకు ఇంత ఎందుకైందని అడుగుతుంది. అప్పుడు పాస్టరు గారు ట్రెజరర్‌ను పిలిచి, ఓచర్ల ఫైలు తెప్పించి, ఆ మనవడి చేతనే ఆ బిల్లు చదివించాలి.